హుద్‌హుద్ తుపాను రోజు తప్పిపోయిన పిల్లాడు: వైజాగ్ థ్రిల్లర్ రాస్తున్నా, లొసుగులు పట్టండి

ఉప్పుగాలి
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఒక సైకలాజికల్ థ్రిల్లర్ మొదలుపెట్టాను. చంపుడూ నరుకుడూ ఉండవు. తప్పిపోయిన కొడుకుని వెతికే తల్లి కథ. అంతా మన పెదవాల్తేరు, లాసన్స్‌బే చుట్టుపక్కలే జరుగుతుంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దున్నుంచి గాలి కిటికీలు పీకేస్తోంది. ఇంటిల్లిపాదీ మధ్యగదిలో చేరి కూర్చున్నారు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగింది. తుపాను కన్ను, అంటే గాలి ఉండని నడిభాగం, ఊరి మీదికొచ్చింది. గండం గడిచిందనుకుని జనం తలుపులు తీసుకుని బయటికొచ్చారు. కూలిన చెట్లు చూస్తున్నారు, ఎదురింటివాళ్ళని పలకరిస్తున్నారు. నాలుగేళ్ళ అప్పలరాజు కూడా వచ్చాడు. కాసేపటికి గాలి మళ్ళీ అందుకుంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. అందరూ లోపలికి పరిగెత్తి తలుపులు బిగించుకున్నారు. చూసుకుంటే పిల్లాడు లేడు.

ఐదేళ్ళ తర్వాత ఒక బాలల గృహం నుంచి కబురు. తొమ్మిదేళ్ళ కుర్రాడు ఉన్నాడట. భర్త, అత్తగారు, వీధి వీధంతా వాడే అంటారు. తల్లి మాత్రం వీడు కాదంటుంది.

నా దగ్గర ఇంతే ఉంది. ముగింపులు మూడు రకాలుగా అనుకున్నాను, ఏదీ మింగుడు పడటం లేదు. మొహమాటం లేకుండా చెప్పండి.

సీరియల్_కిల్లర్
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా. 'అసలు ఆమెకి కొడుకే పుట్టలేదు, అంతా ఆమె ఊహ' అన్నది మీ మూడింటిలో ఉంటే ఆ కాగితం ఇప్పుడే చింపేయండి. ఆ మలుపు అరిగిపోయిందని ఒకటి, మన దగ్గర అతకదని ఇంకొకటి. పెదవాల్తేరు వీధిలో నాలుగేళ్ళు పెరిగిన పిల్లాడంటే అంగన్‌వాడీ టీచర్ ఎరుగును, పోలియో చుక్కలు వేసిన ఆవిడ ఎరుగును, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెట్టిన రోజు వచ్చిన చుట్టాలందరూ ఎరుగుదురు. ఇంతమంది నోరు మూయించే విలన్ ఉంటే వాడి మీదే నవల రాసుకోవచ్చు.

రెండో మాట. 2019లో డీఎన్‌ఏ పరీక్ష ఉంది. రెండో అధ్యాయంలోనే శుభం కార్డు పడిపోతుంది. దానికేం చేస్తారు?

లాసన్స్‌బే_రాజు
సీన్ బాగుంది. మా వీధిలో అచ్చం ఇలాగే జరిగింది, పిల్లాడు తప్పిపోవడం తప్ప. గాలి ఆగి గంట పైనే ఉంది. మా నాన్న తాపీగా స్కూటర్ మీద పడ్డ కొమ్మ కూడా నరికి తీశారు. ఆ గంటలో పిల్లాడు బీచ్ దాకా పోయినా పోతాడు.

అప్పూఘర్_అత్త
గంటెక్కడ బాబూ! పావుగంట ఉంటే గొప్ప. నేను పొయ్యి మీద పాలు పెట్టాను, అవి పొంగేలోపే మళ్ళీ హోరు మొదలైంది. నాకు బాగా గుర్తు.

లాసన్స్‌బే_రాజు
అత్తా, మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య కిలోమీటరు కూడా ఉండదు కదా. గంట.

అప్పూఘర్_అత్త
పావుగంట.

వార్డు_నర్సు
మీరిద్దరూ దెబ్బలాడుకోకండి, మీ గొడవలోనే ఆవిడ నవల ఉంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ పేలిపోయింది కదా. మర్నాడే ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థుల చేత కాగితాల మీద రాయించాడు. ఆ వార్త విన్నప్పుడు ఎక్కడున్నారు, ఎవరు చెప్పారు, ఏం చేస్తున్నారు అని. సుమారు రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళనే మళ్ళీ అడిగాడు. చాలామంది వేరే కథ చెప్పారు. అదీ తడుముకోకుండా, కచ్చితంగా చెప్పారు. వాళ్ళ చేతిరాత వాళ్ళకి చూపించినా, ఇప్పుడు చెబుతున్నదే నిజమన్నవాళ్ళు ఉన్నారు. పెద్ద ప్రమాదం రోజు ఫోటో తీసినట్టు గుర్తుంటుందని మనం అనుకుంటాం. గుర్తుండేది ధీమా మాత్రమే.

ఉప్పుగాలి గారూ, మీ నాయిక ధీమాగా చెప్పే ప్రతి మాటనీ పాఠకుడు నమ్మాలి. అందులో ఒక్కటి తప్పని ఆమెకే తెలియాలి. భయం అక్కడ పుడుతుంది.

ఉప్పుగాలి
ఆ ఒక్కటీ ఏమై ఉంటుందంటారు?

అప్పూఘర్_అత్త
చొక్కా రంగు.

అప్పటి సంగతి కుర్రాళ్ళకి తెలియదు. తుపాను తర్వాత కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు. ఫోన్లన్నీ చచ్చిపోయాయి. జనరేటర్ ఉన్న కొట్టు దగ్గర డబ్బులిచ్చి, వరసలో నిలబడి ఛార్జింగ్ పెట్టించుకున్నాం. అంతకు ముందు పిల్లల ఫోటోలు గోడకి ఉండేవి. 2014 నాటికి అన్నీ ఫోన్లోకే పోయాయి. ఆ తల్లి దగ్గర పిల్లాడి ఫోటో ఉంది కానీ చూపించలేదు. కలెక్టరాఫీసు దగ్గర ముఖ్యమంత్రి బస్సులో మకాం పెట్టాడని తెలిసి అక్కడికీ పోతుంది. ఎవడు కనబడితే వాడికి నోటితో చెప్పుకోవాల్సిందే. ఎర్రచొక్కా, నల్ల నిక్కరు, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. చెప్పి చెప్పి అదే పాఠం అయిపోతుంది. తర్వాత ఫోన్ వెలుగుతుంది. ఆ పొద్దున తీసిన ఫోటోలో వాడి చొక్కా ఆకుపచ్చ.

సీరియల్_కిల్లర్
అత్తా, మీరే రాసేయండి నవల.

దువ్వాడ_కుర్రాడు
గూస్‌బంప్స్. కానీ ఒక డౌట్. అలాంటప్పుడు అందరూ ఎర్రచొక్కా పిల్లాడి కోసమే వెతికారన్నమాట. ఆకుపచ్చ చొక్కా పిల్లాడు కళ్ళ ముందు నుంచి పోయినా ఎవరూ ఆపి ఉండరు.

వార్డు_నర్సు
ఆ మాట భర్త ఆమె మొహం మీద అనాలి. ఒక్కసారే. మళ్ళీ నవల మొత్తంలో ఎక్కడా అనకూడదు.

నల్లకోటు
ఇప్పుడే చూశాను ఈ చర్చ. పోలీసుల భాగం జాగ్రత్తగా రాయండి. '24 గంటలు ఆగి రండమ్మా' అని ఎస్సై చేత అనిపించడం సినిమాల అలవాటు. పిల్లల విషయంలో అలా ఆగే పని లేదు. బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే పిల్లల హక్కుల సంస్థ వేసిన కేసులో 2013 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లాడు కనబడలేదని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాలి, కాదని తేలేదాకా కిడ్నాప్ లేదా అక్రమ రవాణా అనే అనుకోవాలి, నాలుగు నెలల్లో దొరక్కపోతే మనుషుల అక్రమ రవాణా నిరోధక విభాగానికి కేసు పోవాలి. మీ కథ 2014లో కాబట్టి ఇది అప్పటికే అమల్లో ఉంది. ఐపీసీ 363 కింద, అంటే కిడ్నాప్ కేసు. ఇప్పటి కథ రాసేవాళ్ళయితే భారతీయ న్యాయ సంహిత 137 అని రాయాలి, అది 2024 జులై 1 నుంచి.

అయితే ఆ వారంలో స్టేషన్లో కరెంటు లేదు, వైర్‌లెస్ అంతంతమాత్రం, సిబ్బంది అంతా రోడ్ల మీద చెట్లు తీయిస్తున్నారు. కాబట్టి ఎస్సైని దుర్మార్గుణ్ణి చేయక్కర్లేదు. కొవ్వొత్తి వెలుగులో 'ఎర్రచొక్కా' అని రాసుకున్న మంచివాణ్ణి చేయండి చాలు. కేసు డైరీలో ఒకసారి పడ్డ మాట ఎంత దూరం పోతుందో మాలాంటివాళ్ళకి తెలుసు.

డీఎన్‌ఏ గురించి రేపు రాస్తాను, కోర్టుకి టైమైంది.

లాసన్స్‌బే_రాజు
పేరు విషయం. అప్పలరాజు అని పెట్టడం భలే పని చేస్తుంది. పునరావాస కేంద్రంలో పోలీసు మైకులో 'అప్పలరాజు తాలూకు ఎవరు' అని పిలిస్తే సగం హాలు లేచి నిలబడుతుంది. సింహాద్రి అప్పన్న మొక్కు పేరు లేని ఇల్లు మన వైపు ఏది?

రిటైర్డ్_గార్డు
రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. పిల్లాడు ఊరు దాటింది ఎలాగో మీరు చెప్పలేదు. నాకు తోచింది చెబుతాను.

మన విశాఖపట్నం స్టేషన్‌కి ఒక గుణం ఉంది. చెన్నై వైపు నుంచి వచ్చి హౌరా వైపు పోయే బండి ఇక్కడికొచ్చాక ఇంజను తీసి వెనకవైపు తగిలిస్తారు. వచ్చిన దారినే బయటికి పోతుంది, ఆ తర్వాత లైను చీలుతుంది. ఇంజను మార్చే పని లేకుండా కొన్ని బళ్ళు దువ్వాడ మీదుగా పక్కనుంచే పోతాయి కూడా. అంటే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడికి, బయల్దేరిన బండి విజయనగరం వైపు పోతోందో అనకాపల్లి వైపు పోతోందో చూసి చెప్పడం సాధ్యం కాదు. అన్నీ ఒకే కొస నుంచి పోతాయి.

తుపాను తర్వాత రైళ్ళు తిరిగి మొదలైన రోజున ఒక టీ అమ్ముకునేవాడు చూశాడనుకోండి. ఏడుస్తున్న పిల్లాడితో ఒక ముసలామె బండి ఎక్కింది. 'ఎటు పోయింది బండి?' అంటే 'వచ్చినవైపే తిరిగి పోయింది సార్' అంటాడు. వాడు అబద్ధం చెప్పలేదు. పోలీసులు మాత్రం తునీ, రాజమండ్రీ వెతుకుతారు. పిల్లాడు ఖుర్దారోడ్డు దాటి ఉంటాడు.

దువ్వాడ_కుర్రాడు
తాతగారూ దండం. రోజూ రైల్లో తిరుగుతాను, ఈ కోణం ఎప్పుడూ తట్టలేదు.

సీరియల్_కిల్లర్
ఇక అసలు మలుపు. 'వీడు నా కొడుకు కాదు' అన్న తల్లులు నిజంగా ఉన్నారు. వాళ్ళ సంగతి తెలిస్తే మీ ముగింపు మారుతుంది.

1928 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లో క్రిస్టీన్ కాలిన్స్ అనే ఆవిడ కొడుకు, తొమ్మిదేళ్ళ వాల్టర్, తప్పిపోయాడు. ఆగస్టులో పోలీసులు ఒకణ్ణి తెచ్చి ఇచ్చారు. ఆమె కాదంది. కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకుని చూడమని పోలీసు కెప్టెన్ సర్దిచెప్పాడు. కొన్ని వారాల తర్వాత ఆమె పళ్ళ డాక్టర్ రికార్డులు పట్టుకుని తిరిగొస్తే, ఆమెనే పిచ్చాసుపత్రికి పంపాడు. చివరికి ఆ కుర్రాడే ఒప్పుకున్నాడు. వాడి పేరు ఆర్థర్ హచిన్స్, వయసు 12, ఊరు అయోవా. సినిమా హీరో టామ్ మిక్స్‌ని చూడొచ్చని ఆశపడి అబద్ధమాడాడు. ఆమె కేసు గెలిచింది. కెప్టెన్ 10,800 డాలర్లు ఇవ్వాలని తీర్పు, ఆ డబ్బు ఎన్నడూ ఇవ్వలేదు.

ఇంకోటి దీనికి తిరగేసి ఉంటుంది. 1912లో లూసియానాలో బాబీ డన్‌బార్ అనే నాలుగేళ్ళవాడు చెరువు దగ్గర మాయం. ఎనిమిది నెలలకి వేరే రాష్ట్రంలో ఒక ఊళ్ళు తిరిగే మరమ్మతు పనివాడి దగ్గర ఒక పిల్లాడు దొరికాడు. డన్‌బార్ దంపతులు మావాడే అన్నారు. జూలియా ఆండర్సన్ అనే పేదరాలు వచ్చి, కాదు, వాడు నా కొడుకు బ్రూస్ అంది. మాట చెల్లింది డన్‌బార్‌లదే. వాడు బాబీగానే పెరిగి, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, బాబీగానే పోయాడు. 2004లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే ఆ రక్తం డన్‌బార్‌లది కాదని తేలింది.

మొదటి కథలో తల్లి ఒక్కతే నిజం చెప్పింది. రెండో కథలో పిల్లాడు కావాలన్న ఆశే కళ్ళకి గంతలు కట్టింది. మీ నాయిక వీళ్ళలో ఎవరు?

అప్పూఘర్_అత్త
రెండో కథలో ఆ జూలియా సంగతి ఎవరికీ పట్టదేం? మీ నవల్లో కూడా 2019లో దొరికిన కుర్రాడికి ఎక్కడో ఒక తల్లి ఉంటుంది కదా.

వార్డు_నర్సు
ఆ మాట అలా ఉంచి, జబ్బు సంగతి చెప్పేస్తాను, ఎవరో ఒకరు తప్పుగా రాసేలోపు.

కాప్‌గ్రాస్ అనే స్థితి ఉంది. 1923లో పారిస్‌లో జోసెఫ్ కాప్‌గ్రాస్, రెబూల్-లాషో అనే డాక్టర్లు మొదట రాశారు. వాళ్ళు చూసిన ఆవిడ పసిబిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి. నా కూతుర్ని ఎత్తుకుపోయి అలాంటి పోలికే ఉన్నవాళ్ళని తెచ్చి పెడుతున్నారని పోలీసులకి ఫిర్యాదు కూడా చేసింది. ముఖం గుర్తుపట్టే మెదడు బాగానే ఉంటుంది, ఆ ముఖం చూసినప్పుడు కలగాల్సిన 'నావాడు' అనే స్పందన మాత్రం రాదు. అందుకే 'అచ్చం వాడిలాగే ఉన్నాడు, కానీ వాడు కాదు' అంటారు. మెదడు మీద పరిశోధన చేసే వి.ఎస్. రామచంద్రన్ చూసిన ఒక రోగి ఎదురుగా ఉన్న తల్లిదండ్రుల్ని నకిలీలు అనేవాడు, ఫోన్‌లో గొంతు వింటే మాత్రం మా అమ్మే అని మామూలుగా మాట్లాడేవాడు.

ఈ ఫోన్ సంగతి వాడుకోవాలని మీకు చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. నాలుగేళ్ళ మొహానికీ తొమ్మిదేళ్ళ మొహానికీ పోలిక తక్కువ. ముందరి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేస్తాయి, కాబట్టి ఆ అమెరికా తల్లిలా పళ్ళు చూపించి గెలవలేదు. గుర్తుపట్టకపోవడం జబ్బు కాదు. పట్టేశామనుకునే వీధి జనమే నన్నడిగితే అనుమానించాల్సినవాళ్ళు.

అప్పూఘర్_అత్త
నా మనసులో మాట. ఆడది గట్టిగా మాట్లాడితే చివరికి పిచ్చిది అయిపోవాలా ప్రతి కథలోనూ? అందులోనూ ఇల్లు పెదవాల్తేరంటున్నావు, చినవాల్తేరు పిచ్చాసుపత్రి పక్కనే. భర్త ఆటో ఎక్కించి దింపేసి వచ్చేస్తాడు, అంతేనా?

వార్డు_నర్సు
అంత తేలిక కాదత్తా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మేలో అమల్లోకొచ్చింది. ఆమె ఒప్పుకోకుండా చేర్చాలంటే ఆమె తరఫు ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, మొదట 30 రోజుల లోపే. ఆ పరీక్షలో ఆమె తడబడకుండా జవాబులు చెప్పి బయటికొచ్చే సీన్ రాయండి. పిచ్చిది కాదని డాక్టరే రాసిచ్చాక వీధి జనానికి ఇంకా టెన్షన్.

నల్లకోటు
డీఎన్‌ఏ. మాట ఇచ్చాను కదా.

పిల్లాడు దొరగ్గానే ఎవరూ దూదిపుల్ల పట్టుకుని రారు. బాలల సంక్షేమ కమిటీ కాగితాలు, ఫోటోలు, ఇంటి విచారణ నివేదిక చూస్తుంది. ఎవరైనా అనుమానం లేవదీస్తే పరీక్షకి రాస్తారు. ఆధార్ వేలిముద్రలతో దొరికిన పిల్లలు దేశంలో చాలామంది ఉన్నారు కానీ, ఐదేళ్ళ లోపు ఆధార్‌లో వేలిముద్రలు తీసుకోరు. నాలుగేళ్ళప్పుడు పోయినవాడికి అది పనికిరాదు. ఇంతవరకు మీ కథ క్షేమం. అయినా తల్లి పరీక్ష కావాలని పట్టుబడితే ఆపేవాడు లేడు.

సీరియల్_కిల్లర్
అంటే చివరి అధ్యాయంలో కవరు చింపే సీన్. వద్దండీ బాబూ.

అప్పూఘర్_అత్త
తల్లి వాణ్ణి కనలేదనుకోండి.

అలా చూడకండి. పెళ్ళయి ఏళ్ళయినా పిల్లల్లేని ఇంట్లో, కానుపు అక్కర్లేదనుకున్న ఏ చుట్టాలమ్మాయి బిడ్డనో గుట్టుగా తెచ్చుకుని మా బిడ్డే అని బారసాల చేసేయడం ఎరగమా? ఆమె నాలుగు నెలలు పుట్టింట్లో ఉండి బిడ్డతో తిరిగొస్తుంది. ఆ సంగతి మొగుడికీ అత్తగారికీ ఆమెకీ తప్ప తెలియదు. ఇప్పుడు చేయించు పరీక్ష.

సీరియల్_కిల్లర్
...

నల్లకోటు
అత్తగారూ, కేసు గెలిచారు. పరీక్షలో కలవకపోతే వీడు కాదని అర్థం కాదు, కలిసే ప్రశ్నే లేదు. పైగా జనన ధ్రువపత్రంలో వీళ్ళ పేర్లే రాయించుకుని ఉంటారు, అది నేరం. నిజం చెబితే దొరికినవాడూ దక్కడు. భర్త పరీక్ష వద్దని ఎందుకంత మొండికేస్తున్నాడో పాఠకుడికి చివరిదాకా అర్థం కాదు. అతన్ని విలన్ అనుకుంటూ చదువుతాడు.

ఉప్పుగాలి
రాత్రి నిద్ర పట్టలేదు ఇది చదివాక. అంటే పోల్చడానికి రక్తం లేదు, పళ్ళు లేవు, వేలిముద్ర లేదు. ఆమె జ్ఞాపకం ఒక్కటే సాక్ష్యం. ఆ జ్ఞాపకం చొక్కా రంగు దగ్గరే ఓడిపోయింది.

ఒక చిన్న సీన్ రాసుకున్నాను. 2019లో వాలంటీరు అమ్మాయి వచ్చి రేషన్ కార్డులో పేర్లు సరిచూస్తుంది. 'అప్పలరాజు ఉన్నాడా ఆంటీ?' అంటుంది. ఐదేళ్ళుగా ఆ పేరు కొట్టేయించకుండా వాడి వాటా బియ్యం తెచ్చుకుంటోంది ఆమె, వాటిని విడిగా స్టీలు డబ్బాలో పోసి ఉంచుతోంది. భర్త లోపల్నుంచి కుర్రాణ్ణి తీసుకొస్తాడు. వాలంటీరు మిషను ముందుకు జరిపి, బాబూ వేలు పెట్టు అంటుంది.

లాసన్స్‌బే_రాజు
పురుగు పట్టవా?

ఉప్పుగాలి
పడతాయి. ఎండలో పోసి, ఏరి, మళ్ళీ డబ్బాలో పోస్తుంది. అదే సీను.

దువ్వాడ_కుర్రాడు
కుర్రాడి వైపు నుంచి ఎవరూ మాట్లాడట్లేదు. వాడికి తెలుస్తుంది కదా, తను ఎవరో?

వార్డు_నర్సు
తెలుస్తుందని గట్టిగా అనలేం. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్, పికరెల్ అనే మనస్తత్వ పరిశోధకులు కలిసి 24 మందికి చిన్నప్పటి సంగతులు రాసిచ్చారు. అందులో ఒకటి కల్పితం. ఐదేళ్ళప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావని, ఒక పెద్దావిడ ఓదార్చిందని. దాదాపు నాలుగో వంతు మంది అది తమకి పూర్తిగానో కొంతో గుర్తుందన్నారు. ఈ కుర్రాడికి నానమ్మ రోజూ తుపాను కథ చెబుతుంది. గాలి ఆగింది, నువ్వు గేటు దాటావు, వేపచెట్టు పడిపోయి ఉంది. కొన్నాళ్ళకి వాడే చెబుతాడు, వేపచెట్టు మీదెక్కి దూకానని.

సీరియల్_కిల్లర్
వాడు నానమ్మ చెప్పని ఒక ముక్క చెప్పాలి. ఆకుపచ్చ చొక్కా అని.

ఉప్పుగాలి
అనుకున్నాను. కానీ ఫోటో ఈపాటికి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంది. చూసి చెప్పాడో గుర్తుండి చెప్పాడో తేల్చలేం. అలాగే వదిలేస్తాను.

నల్లకోటు గారూ, ఆఖరి సందేహం. కమిటీ ముందు పిల్లాణ్ణి అప్పగించేటప్పుడు తల్లి సంతకం ఉంటుందా?

నల్లకోటు
తల్లిదండ్రులిద్దర్నీ పిలిచి మాట్లాడతారు. పిల్లాణ్ణి చూసుకుంటామని రాసిస్తారు. ఆమె వీడు మా బిడ్డ కాదని ఒక్క మాట అంటే అప్పగింత ఆగిపోతుంది, వాడు తిరిగి బాలల గృహానికి పోతాడు.

ఉప్పుగాలి
అయితే ఆమె సంతకం పెడుతుంది. వీడు అప్పలరాజు కాదని ఆమెకి ఇంకా అనుమానమే. వీడూ ఎవరో ఒకరి పిల్లాడేనని, మళ్ళీ అక్కడికి పంపడానికి చెయ్యి రాక పెడుతుంది. మర్నాడు ఉదయం కుర్రాణ్ణి బళ్ళో దింపి, అట్నుంచి అటే స్టేషన్‌కి పోయి టీ అమ్ముకునేవాణ్ణి మళ్ళీ పట్టుకుంటుంది.

రిటైర్డ్_గార్డు
పట్టుకున్నాక ఎటు పోయిందని అడగొద్దని చెప్పండి ఆమెకి. ఇంజను ఏ రంగుది, డీజిలా కరెంటుదా, ఎన్నో ప్లాట్‌ఫారం, మైకులో ఏ ఊరి పేరు చెప్పారు, ఇవి అడగమనండి. కావాలంటే ఆ సంభాషణ నేను రాసి పంపుతాను.

అప్పూఘర్_అత్త
ఆ ముసలామె ఎవరో కూడా రాసి పంపండి గార్డుగారూ. నాకు అసలు అనుమానం ఆవిడ మీదే.